నాలుగో అంకం రాసిందెవరు?

పోయిన వారం మన ఫైలమ్మను భూతద్దం ముందు నిలబెట్టి మన దారిన మనం వెళ్లిపోయాం. ఏడు రోజులుగా పాపం అక్కడే నిలబడి ఉంది. కొత్తగా చదివేవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పి ఆమెను కదిలిద్దాం.

ఏటి ఒడ్డున ఉన్న ఈ చిన్న పాత నగరం ‘దేశ సాంస్కృతిక నగరం’ అనే బిరుదు కోసం పోటీ పడుతోంది. పదకొండు ఊళ్లతో మొదలైన పోటీలో ఇప్పుడు రెండే మిగిలాయి. ఒకటి ఇది, రెండోది కొండల అవతల విమానాశ్రయం గట్రా ఉన్న పెద్ద నగరం. మన ఊరి బలమంతా ఒక్క నాటకం మీద ఉంది. నూట ఎనభై ఏళ్ల కింద ఇక్కడి రేవు గుమాస్తా ఒకాయన సొంత చేత్తో రాసిన ‘రేవు’ నాటకం. ఆ చేతిరాత పుస్తకం పురపాలక సంఘం బీరువాలో ఉంది. బిరుదు వస్తే నాటకశాల కప్పు బాగవుతుంది. రాకపోతే వానలు మొదలయ్యేలోపు తలుపులకు తాళం పడుతుంది, ఇంజనీరు ఇప్పటికే గోడకు నోటీసు అంటించి వెళ్లాడు. దరఖాస్తు రాసింది పురపాలక సంఘంలో సాంస్కృతిక విభాగం చూసే మన కథానాయిక. ఏడాదిన్నరగా చంకలో ఫైలు లేకుండా ఆమెను చూసినవాళ్లు లేరు, అందుకని ఊరు ‘ఫైలమ్మ’ అని పేరు పెట్టేసింది.

ఈ రోజు పరీక్షకులు ముగ్గురు వచ్చారు. అందులో పాత కాగితాల నిపుణురాలు పుస్తకంలో నాలుగో అంకం తెరిచి, భూతద్దం ఆనించి, చాలాసేపు చూసి, తలెత్తకుండానే అడిగింది: “ఈ పేజీలు ఎవరు రాశారండీ?”

*

“రేవు గుమాస్తా కాదా మేడమ్?” అంది ఫైలమ్మ. అనేశాక, ప్రశ్నకు ప్రశ్నే జవాబుగా ఇచ్చినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

నిపుణురాలు భూతద్దం పక్కన పెట్టి కళ్లజోడు తగిలించుకుంది. సన్నటి మనిషి. గట్టిగా మాట్లాడదు, నవ్వదు, ఇచ్చిన టీ తాగదు. మిగతా ఇద్దరు పరీక్షకులూ ఊళ్లో ఏది చూపించినా ‘అద్భుతం, అద్భుతం’ అంటూ తిరుగుతున్నారు గానీ, ఈమె పొద్దుట్నుంచి ఒక్క ‘ఊఁ’ కూడా దానం చెయ్యలేదు.

“కాగితం ఆ కాలందే. అక్షరం కూడా ఆయన అక్షరంలాగే ఉంది. సిరాయే వేరు. మొదటి మూడు అంకాల సిరా కాగితాన్ని తినేసింది, వెనక పేజీలోకి మరక దిగింది చూడండి. నాలుగో అంకంలో సిరా పైపైనే ఉంది. అన్నేళ్ల సిరా ఇలా ఉండదు.”

ఫైలమ్మ వంగి చూసింది. చెప్పాక తనకూ కనిపించింది. ఇన్నాళ్లూ ఆ పుస్తకాన్ని పసిబిడ్డలా ఎత్తుకుని తిరిగిందే, తనకెందుకు కనిపించలేదు?

నిపుణురాలు సంచిలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద జరిపింది. అందులో రెండే లైన్లు. ‘ఈ ప్రతిలోని నాలుగో అంకం రాసినవారు’ అని, పక్కన ఖాళీ. కింద ‘పై విషయాన్ని నేను స్వయంగా ధ్రువీకరిస్తున్నాను’ అని, సంతకానికి చోటు.

“సాయంత్రం ఆరింటికి నాటకం చూపిస్తున్నారు కదా. అది అయ్యేలోపు ఇది నింపి ఇవ్వండి. నిజం రాస్తే దాని సంగతి ఆలోచిద్దాం. అబద్ధం రాస్తే మీ దరఖాస్తు అక్కడితో సరి.”

నాలుగో అంకమంటే నాటకంలో ఒక ముక్కేగా అనుకునేరు. ఈ ఊరికి అదే నాటకం. మూడు అంకాల దాకా జనం పల్లీలు తింటారు, పిల్లల్ని గదమాయిస్తారు, కునుకు తీస్తారు. నాలుగో అంకంలో పడవ నడిపే ఆడమనిషి, తనను ఊళ్లోంచి గెంటేసిన దొరనే వరదలో దాటించాల్సి వచ్చినప్పుడు, గడకర్ర నేలకు ఆనించి ఒక మాట అంటుంది: ‘పడవ ఎక్కాలంటే పేరు ఒడ్డున వదిలి రావాలి దొరా.’ ఆ మాటకు హాలంతా నిటారుగా కూర్చుంటుంది. బడి గేటు మీద ఆ మాట ఉంది, బస్టాండు గోడ మీద ఉంది, మంగలి షాపు అద్దం మీద ఎర్ర రంగుతో ఉంది. ఫైలమ్మ దరఖాస్తు మొదటి పేజీ మీద, ‘నూట ఎనభై ఏళ్ల మా ఊరి మాట’ అని కింద గీత గీసి మరీ ఉంది.

ఆ అంకం సంగతి తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఎవరైనా ఉన్నారంటే ఒక్కరే. కాగితాన్ని ఫైల్లో పెట్టుకుని, భోజనం మాట మరిచిపోయి, నాటకశాల వైపు దాదాపు పరుగెత్తింది.

*

రంగస్థలం ముందు అంచున, మధ్యలో, చెక్కతో చేసిన గూడులాంటిది ఒకటి ఉంది. జనం వైపు మూసి, నటుల వైపు తెరిచి ఉంటుంది. దాని కింద మూడు మెట్లు దిగితే ఒక మనిషి మోకాళ్లు ముడుచుకుని కూర్చునేంత చోటు. స్టూలు, ఏటవాలు పలక, రేకు టోపీ పెట్టిన బల్బు. దాన్ని అందరూ ‘పెట్టె’ అంటారు. ఆ పెట్టెలో నలభై నాలుగేళ్లుగా కూర్చుంటున్న ప్రాంప్టరే ఫైలమ్మకు పెద్దమ్మ. తల్లి పోయినప్పుడు నాలుగేళ్ల పిల్లను తెచ్చుకుని, నాటకం ఉన్న రోజుల్లో పెట్టెలోనే కాళ్ల దగ్గర పడుకోబెట్టి పెంచిన మనిషి.

ప్రాంప్టింగ్ అంటే చదివి వినిపించడం అనుకుంటే పొరపాటు. మాట నటుడికి అందాలి, ముందు వరసకు వినపడకూడదు. పెద్దమ్మ గొంతులోంచి మాట్లాడదు, ఊపిరి మీద మాట్లాడుతుంది. ‘స’లూ ‘ష’లూ దూరం పోతాయని వాటిని సగం మింగేస్తుంది. నటుడు మరిచిపోయాక అందిస్తే ఏం లాభం, మరిచిపోబోతున్నాడని ముందే తెలియాలి. ఆమె మొహాలు చూడదు, పాదాలు చూస్తుంది. చెప్పుల్లేని ఆ పాదాల్లో బొటనవేలు లోపలికి ముడుచుకుందంటే ఆ మనిషి బుర్ర ఖాళీ అయిపోయినట్టే. అప్పుడు రెండే రెండు మాటలు వదులుతుంది. నటులకు కూడా ఒక్కటే నియమం: పెట్టెలోంచి ఏది అందితే అది అనేయాలి, ఆలోచించకూడదు. ఒకసారి పెద్దమ్మకు దగ్గొస్తే భటుడి వేషంవాడు కూడా దగ్గాడని ఊళ్లో చెప్పుకుని నవ్వుతారు.

ఇన్నేళ్ల అలవాటు వల్ల ఇంట్లోనూ ఆమె గొంతు పెగలదు. కూరగాయలు కూడా గుసగుసగానే బేరమాడుతుంది.

“ఏమ్మాయ్, తిన్నావా?” అంది పెట్టెలోంచి, పైన చెప్పుల చప్పుడు విని.

“పైకి రా పెద్దమ్మా, మాట్లాడాలి.”

“నువ్వే దిగు. ఈ మోకాళ్లతో ఎక్కడం దిగడం రోజుకు ఒక్కసారే.”

ఫైలమ్మ మూడో మెట్టు మీద ఇరుక్కుని కూర్చుంది. వేరే రోజైతే ముందూ వెనకా ఏదో మాట్లాడేది.

“నాలుగో అంకం ఎవరు రాశారు పెద్దమ్మా?”

పెద్దమ్మ గుడ్డతో బల్బు టోపీ తుడుస్తోంది. తుడిచిన చోటే మళ్లీ తుడిచింది.

“ఎవరడిగారు?”

“అంటే రాసింది గుమాస్తా కాదన్నమాట.”

“నేనలా అన్లేదే.”

“గుమాస్తా అయితే ‘గుమాస్తా’ అనేసేదానివి. ‘ఎవరడిగారు’ అన్నావు.”

పెద్దమ్మ గుడ్డ మడిచి పలక మీద పెట్టింది. “తెలివైన పిల్లను పెంచకూడదు,” అంది. ఆ తర్వాత, “నేనే రాశాను,” అంది, ఇంట్లో ఉప్పు అయిపోయిందని చెప్పినంత మామూలుగా.

ఫైలమ్మ ఏదో అడిగేలోపే పెద్దమ్మ తనంతట తనే చెప్పుకుపోయింది.

“నీకు తెలుసుగా, ఈ హాలు ఇరవై ఏళ్లు ధాన్యం గోదాము. ఖాళీ చేయించి మళ్లీ నాటకం మొదలుపెట్టేసరికి పాత నటులు ఒక్కరూ లేరు. అంతా కొత్తవాళ్లే. పది రోజుల్లో మూడు అంకాలకే రిహార్సల్ అయింది. ‘నాలుగోది చిన్నదేగా, పెట్టెలోంచి అందితే అనేద్దాం’ అన్నాడు అప్పటి నాటక సమాజం సెక్రటరీ. అప్పట్లో నకలు ఎక్కడిది? ఆ అసలు పుస్తకమే ఇక్కడ పెట్టుకుని అందించేవాళ్లం. ముందు రోజు వాన. ఇదిగో, సరిగ్గా ఇక్కడ కారింది. నేను చూసుకోలేదు. మూడో అంకం అయింది, పేజీ తిప్పుదామంటే రాదే! నాలుగో అంకం మొత్తం ఒక్క ముద్ద. అట్టలా అతుక్కుపోయింది.”

“అయితే ఆపేయాల్సింది కదా!”

“తెర లేచిపోయిందమ్మాయ్. పైన పడవ మనిషి వేషం వేసిన పిల్ల గడకర్ర పట్టుకుని నా వైపు చూస్తోంది. బొటనవేలు ముడుచుకుపోయింది. నేనా పేజీలు అంతకుముందు ఒక్కసారే చదివాను. మాటలు గుర్తులేవు, సంగతి గుర్తుంది. ఆవిడ దొర కాళ్ల మీద పడి క్షమాపణ అడుగుతుంది. ఆయన క్షమిస్తాడు. అంతే కథ.”

“క్షమాపణా? ఆవిడా? దొరకా?”

“అప్పటి ఊరి దొరే కదా ఈ హాలు కట్టించింది. గుమాస్తా ఇంకేం రాస్తాడు?”

ఫైలమ్మ ఫైలును గుండెలకు హత్తుకుంది.

“సరే, అదే ఏదో నా మాటల్లో అందిద్దామనుకున్నా. ‘మన్నించండి’ అని నోటిదాకా వచ్చింది,” అంది పెద్దమ్మ. “ఆ నెల్లోనే కదా నేను మీ పెదనాన్న ఇంట్లోంచి చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చేసింది. మీ తాత, మీ మామయ్య, పక్కింటివాళ్లు, ఎదురింటివాళ్లు, అందరిదీ ఒకటే పాట. వెళ్లు, కాళ్లు పట్టుకో, సర్దుకుపో. రోజూ అదే. ఆ రోజు పొద్దున కూడా అదే. ఆ మాట నా చేత్తో ఇంకో ఆడదాని నోట్లో పెట్టలేకపోయానే అమ్మాయ్. నోటికి ఏదొస్తే అది అందించాను. ఆ పిల్ల అనేసింది. దొర వేషంవాడికీ అందించాను, వాడూ అనేశాడు. తెర పడ్డాక చూస్తే హాలు మొత్తం లేచి నిలబడి ఉంది.”

“గుర్తుపట్టినవాళ్లు లేరా? పాతవాళ్లు?”

“ముగ్గురో నలుగురో ఉండి ఉంటారు. వాళ్లూ కళ్లు తుడుచుకుంటూ వెళ్లారు, ఎవరూ అడగలేదు. మర్నాడు సెక్రటరీ వచ్చి, ‘నిన్న అన్నదే పుస్తకంలోకి ఎక్కించు, గుమాస్తా అక్షరంలా ఉండాలి, ఎవరికీ చెప్పకు’ అన్నాడు. పుస్తకం చివర ఖాళీ కాగితాలున్నాయి. పదిహేను రోజులు పట్టింది. ఆ సెక్రటరీ పోయి కూడా పాతికేళ్లయింది.”

అప్పటిదాకా అణచుకున్న కోపం ఫైలమ్మకు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. “ఏడాదిన్నర పెద్దమ్మా! రోజూ అన్నం తింటూ నీకు చదివి వినిపించాను. మొదటి పేజీ మీద ఈ మాట వేశానని చెప్తే ఏమన్నావు? బావుందన్నావు!”

“బావుందనే అన్నాను. పాతదని అన్లేదు.”

“నేను సంతకం పెట్టాను! ప్రతి పేజీ స్వయంగా చూశానని!”

పెద్దమ్మ తల వంచుకుంది. దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకోవడం ఆ మనిషికి అలవాటు లేదు, అది చూసేసరికి ఫైలమ్మ కోపం సగం చల్లారి, దాని చోటులోకి భయం వచ్చి కూర్చుంది. నిజం రాస్తే పెద్దమ్మ దొంగ రాతలు రాసిన మనిషి అవుతుంది. రాయకపోతే తను అబద్ధపు సంతకం పెట్టిన మనిషి అవుతుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. మధ్యలో ఈ మూడో మెట్టు.

“ఆ ముద్దను ఏం చేశావు? పారేశావా?”

పెద్దమ్మ స్టూలు కిందికి చెయ్యి పెట్టి ఒక రేకు డబ్బా లాగింది. “పారేయడానికి చేతులు రాలేదు. తరవాతెప్పుడో కెటిల్ ఆవిరి మీద పెట్టి ఒక్కొక్కటే విడదీశాను. రెండు పేజీలు చిరిగాయి. మిగతావన్నీ ఉన్నాయి.”

ఫైలమ్మ పైపేజీ బల్బు కింద పెట్టి చదివింది. సిరా కాగితాన్ని తినేసి ఉంది, వెనక్కి మరక దిగి ఉంది. అసలుదే. ‘దొరా, పాపిష్టిదాన్ని, బుద్ధి లేక ఎదురు మాట్లాడాను, మీ పాదధూళికి కూడా తగను...’ ఆమె నాలుగు లైన్ల కంటే ముందుకు పోలేకపోయింది. నూట ఎనభై ఏళ్ల మా ఊరి మాట ఇదన్నమాట అనుకుంటే సిగ్గేసింది.

*

“ఫైలమ్మా! ఉన్నారా?”

పురపాలక సంఘం చైర్మన్ గొంతు. ఏ ఎండకా గొడుగు పట్టే మనిషి, ఈ రోజు ఏ ఎండ కాస్తుందో తెలియక పొద్దుట్నుంచి చెమటలు కక్కుతున్నాడు. రంగస్థలం మీద మోకరిల్లి, తలకిందులుగా మొహం గూట్లో పెట్టాడు.

“ఏంటమ్మా ఇక్కడ దాక్కున్నారు? ఆవిడేదో కాగితం ఇచ్చిందట? నాకెందుకు చెప్పలేదు?”

ఫైలమ్మ ఏదో సర్దిచెప్పేలోపు పెద్దమ్మ ఉన్నదున్నట్టు నాలుగు ముక్కల్లో చెప్పేసింది. తలకిందులుగా ఉన్న ఆ మొహం ముందు ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది, తర్వాత, చిత్రంగా, వెలిగింది.

“అయితే అసలు పేజీలు ఉన్నాయా? ఈ డబ్బాలో? మరి ఏడుపెందుకమ్మా? పాతది కావాలన్నారు, పాతది ఉంది! ఆ రాసిన పేజీలు తీసేసి ఇవి పెట్టేద్దాం. కాగితంలో గుమాస్తా పేరు రాసెయ్యండి, అది నిజమే కదా. సాయంత్రం కూడా ఇదే ఆడిద్దాం.”

“సార్, ముందు ఒకసారి చదవండి. అందులో ఏముందో...”

“చదవడానికి టైమెక్కడిది? నూట ఎనభై ఏళ్లదా కాదా? అది చెప్పండి చాలు.”

“నటులకు ఈ మాటలు ఒక్కటీ రావు సార్. ఇంక మూడు గంటలే ఉంది.”

“ఎందుకు రావు? పెట్టెలోంచి ఏది అందితే అది అంటారని ఊరంతా చెప్పుకుంటుందిగా!” అని పెద్దమ్మ వైపు తిరిగాడు. “ఏమండీ, అందించగలరా లేదా?”

ఫైలమ్మ పెద్దమ్మ మోకాలి మీద చెయ్యి వేసింది. వద్దను, ఒక్కసారి వద్దను అని మనసులో బతిమాలుకుంది. పెద్దమ్మ ఆ చెయ్యి మీద తన చెయ్యి పెట్టి, చైర్మన్‌తో, “నా పని అందించడమేగా,” అంది.

ఆయన మొహం గూట్లోంచి మాయమైంది. చెప్పుల చప్పుడు దూరమయ్యాక ఫైలమ్మ అడిగింది, “ఎందుకు ఒప్పుకున్నావు? ఆ మాట అందించలేకే కదా ఇంత చేశావు?”

“అప్పుడు నాకు ఇరవై ఏడు. పోగొట్టుకోవడానికి ఏమీ లేదు. ఇప్పుడు నువ్వున్నావు. నా రాతల వల్ల నీ ఉద్యోగం పోతే నేను ఏ మొహం పెట్టుకుని నీకు అన్నం పెట్టను?” అని, డబ్బాలోంచి కాగితాలు తీసి వరసగా సర్దుకోవడం మొదలుపెట్టింది. “వెళ్లు. ముందు ఏదైనా తిను.”

*

ఆరింటికి హాలు కిక్కిరిసిపోయింది. నాలుగు వందల కుర్చీలు నిండి, గోడల వెంట కూడా నిలబడ్డారు. ఊరికి పరీక్ష అని తెలిసి అందరూ ఉతికిన బట్టలు వేసుకుని, గొంతులు తగ్గించుకుని కూర్చున్నారు. ముందు వరసలో పరీక్షకులు. నిపుణురాలి ఎడమ పక్క ఫైలమ్మ. ఆమె ఒళ్లో ఫైలు, ఫైల్లో ఇంకా నింపని కాగితం. అవతల పక్క చైర్మన్ కాలు ఆపకుండా ఊపుతున్నాడు.

మూడు అంకాలు సాఫీగా జరిగాయి. ఈసారి పల్లీలు కూడా ఎవరూ తినలేదు.

నాలుగో అంకానికి తెర లేచింది. పడవ మనిషి వేషం ఆసుపత్రిలో నర్సుది, పన్నెండేళ్లుగా ఆమెదే. దొర వేషం టైలరుది. ఇద్దరికీ ముందే చెప్పారు, ఇవాళ అలవాటైనది మరిచిపోయి అందింది అందినట్టు అనాలని. ఎందుకో మాత్రం చెప్పలేదు. టైలరు ఒడ్డున నిలబడి, “పడవా! ఓ పడవా! దొరను వచ్చాను, దాటించు!” అని కేక వేశాడు. అది డబ్బాలోని పాత అంకంలోనూ, పెద్దమ్మ రాసిన అంకంలోనూ ఒకటే.

నర్సు గడకర్ర ఆనించింది. హాలు నిటారుగా కూర్చుంది.

పెట్టెలోంచి ఊపిరి వచ్చింది. ముందు వరసకు వినపడకూడని ఊపిరి. కానీ ఆ కాళ్ల దగ్గర నిద్రపోయి పెరిగిన పిల్లకు వినపడకుండా ఎలా ఉంటుంది? ‘దొరా, పాపిష్టి...’

నర్సు పెదవులు కదిలాయి. ఆగిపోయాయి.

మళ్లీ వచ్చింది ఊపిరి. ‘దొరా, పాపిష్టిదాన్ని...’ ఈసారి కాస్త వణికింది. ఫైలమ్మ చూపు తనకు తెలియకుండానే నర్సు పాదాల మీదికి పోయింది. వేళ్లు చాపే ఉన్నాయి. బొటనవేలు ముడుచుకోలేదు. మరిచిపోలేదు ఆ మనిషి. అననంటోంది. ఆ రంగస్థలం మీద పెట్టెలోంచి వచ్చిన మాటను కాదన్న నటి అంతకుముందు లేదు.

చైర్మన్ కాలు ఊపడం ఆగింది. హాల్లో చీమ చిటుక్కుమంటే వినపడేలా ఉంది. మరిచిపోయింది కాబోలు, ఇంతమంది పెద్దల ముందు ఊరి పరువు పోతోంది కాబోలు అని జనం అనుకున్నారు. వాళ్లకేం తెలుసు?

ఎనిమిదో వరసలోంచి అనుకుంటా, ఎవరో ఒక పెద్దావిడ, నర్సు మీద జాలిపడి, మెల్లగా అందించింది: “పడవ ఎక్కాలంటే...”

గోడ పక్కనుంచి ఇంకెవరో కలిపారు. తర్వాత మంగలి. తర్వాత బడి పంతులు, ఆయన పక్కన ఆయన భార్య. ఎవరూ అరవలేదు. నాలుగు వందల మందీ ఊపిరి మీదే, ఒక్క నటికి మాట అందించారు: “పడవ ఎక్కాలంటే పేరు ఒడ్డున వదిలి రావాలి దొరా.”

నర్సు ఆ మాటను హాలులోంచి అందుకుని, గొంతెత్తి అంది. ఆ తర్వాత ఆమెకు ఎవరూ ఏమీ అందించనక్కర్లేకపోయింది. టైలరు బిక్కమొహం వేసి ఒక్క క్షణం పెట్టె వైపు చూశాడు గానీ, పెట్టెలోంచి ఇంకేమీ రాలేదు. అతనికీ పన్నెండేళ్ల అలవాటే, అతనూ అందుకున్నాడు.

ఫైలమ్మకు కళ్లు నిండిపోయాయి. అదే సమయంలో ఒళ్లో ఫైలును గట్టిగా మూసి పట్టుకుంది. ఇంత ప్రేమగా, ఇంత అమాయకంగా, దాచాల్సిన దాన్నంతా ఈ ఊరే పరీక్షకుల ముందు పరిచేసింది. పక్కన నిపుణురాలు చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంటోంది. రాయడం ఆపలేదు.

*

తెర పడింది. చప్పట్లు ఆగడం లేదు. మిగతా ఇద్దరు పరీక్షకులూ లేచి నిలబడి కొడుతున్నారు. చైర్మన్ కూడా, ఎండ ఎటు కాసిందో ఇంకా తేలకపోయినా, జాగ్రత్త కోసం కొడుతున్నాడు.

నిపుణురాలు కూర్చునే, ఫైలమ్మ వైపు వంగింది. “ముందు పెట్టెలోంచి వేరే మాట వచ్చింది. ముందు వరసలో కూర్చున్నాను, నాకు చెవులు బాగానే పని చేస్తాయి. ఆ నటి అనలేదు. ఊరు అనిపించింది.”

ఫైలమ్మ తలూపింది.

“ముప్పై ఏళ్లుగా పాత కాగితాలు చూస్తున్నాను. ఇలాంటిది చూడలేదు,” అంది ఆమె. పొద్దుట్నుంచి మొదటిసారి ఆ గొంతులో తడి తగిలింది. “కానీ నేను విన్నది సాక్ష్యం కాదు. కాగితం మీద మీరే రాయాలి. ఎవరు రాశారు?”

ఫైలమ్మ ఫైలు తెరిచింది. గుమాస్తా పేరు రాయడానికి అర నిమిషం పట్టదు. డబ్బాలో అసలు పేజీలున్నాయి, చైర్మన్ సాక్ష్యం చెప్తాడు, ఎవరూ కాదనరు. కానీ ఇన్నేళ్లలో ఒక్క పోస్టరు మీద కూడా పెద్దమ్మ పేరు పడలేదని అప్పుడే తట్టింది. ప్రాంప్టర్ పేరు ఎవరేస్తారు? ఈ ఒక్క చోటైనా తన చేత్తో తను కూడా ఆ పేరు చెరిపేస్తే, ఆ మనిషి పెంపకానికి తను తగినట్టేనా?

రాసింది. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు. కింద సంతకం పెట్టింది. కాగితం అందిస్తుంటే ఏడాదిన్నరగా మోస్తున్న బరువేదో దిగినట్టయింది.

నిపుణురాలు చదివింది. “ఈవిడ ఉన్నారా?”

“ఉన్నారు మేడమ్. ఆ పెట్టెలోనే. మా పెద్దమ్మ.”

నిపుణురాలి గొంతులో తడి అలాగే ఉంది గానీ, మొహం మీద ఇంకేదో నీడ పడింది. కాగితాన్ని వెంటనే సంచిలో పెట్టుకోలేదు.

“మీ పెద్దమ్మగారా?” అని, కాగితంలోని పేరు మళ్లీ చూసి అంది, “నేను పోటీ నిబంధనలు రాసినదాన్ని కాదు, పాటించాల్సినదాన్ని. నమోదైన పాత ప్రతిలో చేతిరాత చేర్చడం నేరం. చేర్చినవాళ్లెవరో తెలిశాక, ఇరవై నాలుగు గంటల్లోపు ఆ ప్రతి సంరక్షణ అధికారి వాళ్ల మీద పోలీసు ఫిర్యాదు ఇవ్వాలి. ఇస్తే ఊరు పోటీలో ఉంటుంది, ఇవాళ చూసినదాని బట్టి గెలుస్తుంది కూడా. ఇవ్వకపోతే ఊరు దాచినట్టు లెక్క, రేపు సాయంత్రానికి జాబితాలోంచి తీసేస్తారు.”

చప్పట్ల మధ్య పెద్దమ్మ మూడు మెట్లూ ఎక్కి, గూడు పక్కన నిలబడి, ఇన్ని మొహాలను ఒక్కసారిగా చూడటం అలవాటు లేక కళ్లు చికిలిస్తూ, వరసల్లో ఫైలమ్మ కోసం వెతుక్కుంటోంది.

“ఇంతకీ ఆ పుస్తకానికి సంరక్షణ అధికారి ఎవరండీ? ఫిర్యాదు మీద సంతకం ఎవరు పెట్టాలి?”

“నేనే మేడమ్,” అంది ఫైలమ్మ.